బల్లక్రింది రొట్టెముక్కలు

పఠన భాగములు: మార్కు 7:24–30, మత్తయి 15:21–28, లూకా 13:20, 21

రైతు ఇంట కాలిన రొట్టె, ఆ రొట్టెకొరకు కనిపెట్టుకొనియుండు కుక్క, ఈ రెండును మిక్కిలి సామాన్యమైన విషయములు. అయినను దేవుని రాజ్యమును గూర్చి బోధించుటకు మన ప్రభువు మొదటిదానిని ఎన్నుకొనెను. తన విశ్వాసమును వెల్లడిచేయుటకు ఒక అన్యస్త్రీ రెండవదానిని ఎన్నుకొనెను. ఆనాటి పల్లెయింటి జీవితమును కొంత తెలిసికొనినయెడల ఈ వాక్యభాగములు మనకు మరింత తేటగా బోధపడును.

1. రైతు ఇంటి రొట్టె

పాలస్తీనా రైతు అక్టోబరు, నవంబరు మాసముల తొలకరి వానలకు దున్ని విత్తును. యవలు ఏప్రిల్ ప్రాంతమునను, గోధుమలు మే, జూన్ మాసములలోను కోతకు వచ్చును. గోధుమరొట్టె కలిగినవారిది, యవలరొట్టె బీదలది. యోహాను 6వ అధ్యాయములో చిన్నవానియొద్దనున్న అయిదు రొట్టెలు యవలరొట్టెలే.

ధాన్యము ఇల్లు చేరినంతమాత్రమున రొట్టె కాదు. స్త్రీలు తిరుగలియొద్ద కూర్చుండి ప్రతిదినము పిండి విసరవలెను. తిరుగళ్ల ధ్వని ఆగిపోవుట దేశము పాడగుటకు గురుతని యిర్మీయా ఎంచెను (25:10). తిరుగలిని తాకట్టు పట్టరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (ద్వితీ. 24:6), ఏలయనగా దానిని కొనిపోవుట ఆ కుటుంబపు ప్రాణమును కొనిపోవుటయే.

రొట్టె కాల్చు మట్టిపొయ్యిని హెబ్రీ భాషలో ‘తన్నూర్’ అందురు. మన దేశమున వాడుకలోనున్న ‘తందూరు’ అను మాటయు ఈ పదమునకు చుట్టమే. ఎండుగడ్డియు ఎండిన పేడయు దానికి వంటచెరకు. నేడుండి రేపు పొయ్యిలో వేయబడు అడవిగడ్డిని గూర్చి ప్రభువు చెప్పినప్పుడు, వినుచున్న తల్లులకు తమ ఇంటి పొయ్యియే కన్నుల యెదుట నిలిచియుండును. పదిమంది స్త్రీలు ఒక్క పొయ్యిలోనే రొట్టె కాల్చు దినము వచ్చునని లేవీయకాండము (26:26) హెచ్చరించుటలో ఎంత కరవు సూచింపబడినదో ఇప్పుడు గ్రహింపగలము.

2. దాచిపెట్టబడిన పులిపిండి

ఆనాటి పులిపిండి అంగడిలో కొన్న పొడి కాదు. నిన్నటి పిండిలోనుండి తీసి దాచిన ముద్దయే నేటి పిండిని పులియజేయును. దోసెలపిండి రాత్రి కలిపి మూతవేసి, తెల్లవారి చూచు మన తల్లులకు ఈ ఉపమానమును వివరింపనక్కరలేదు. పని జరుగుచున్నప్పుడు ఎవరికిని కనబడదు. జరిగిన పిమ్మట ఎవరును కాదనలేరు.

అయితే ఇచ్చట ఒక విషయము తెలుగు చదువరికి మరుగైపోవుచున్నది. మన బైబిలులో ఆదికాండము 18:6లో శారా పిసికినది ‘మూడు మానికల’ పిండి. సువార్తలో ఈ స్త్రీ పిసికినది ‘మూడు కుంచముల’ పిండి. మన పాత లెక్క ప్రకారము నాలుగు మానికలు ఒక కుంచము గనుక, ఇవి వేర్వేరు కొలతలని మనము తలంతుము. మూలమున రెండు చోట్లను ఉన్నది ఒకే కొలత, హెబ్రీ ‘సెయా’, గ్రీకు ‘సాతోన్’. అది ఇంచుమించు 13 లీటర్లు. మూడు కొలతలనగా దాదాపు 40 లీటర్ల పిండి. నూరుమందికి పైగా తృప్తిగా తినవచ్చును. ఒక ఇంటి స్త్రీ ఒక దినమునకు ఇంత పిండి కలుపునా? తన పిల్లలకొరకు మాత్రమే అయినచో కలుపదు. అబ్రాహాము గుడారమునకు అతిథులు వచ్చినట్లు, ఈ ఇంటికిని ఎవరో రావలసియున్నారు.

3. ఇంటి కుక్క

ఇశ్రాయేలీయుల గ్రంథములలో కుక్కకు గౌరవము తక్కువ. మందలను కాయు కుక్కలు ఉండెను (యోబు 30:1). కావలి కాయవలసి మొరగని కుక్కలను యెషయా నిందించెను (56:10). చీల్చబడిన మాంసము కుక్కల పాలు (నిర్గమ. 22:31). కాని గ్రీకు ఆచారములు ప్రబలిన తూరు, సీదోను ప్రాంతములలో ఇంటిలో పెరుగు కుక్క, భోజనమువేళ బల్లక్రిందికి వచ్చు కుక్క, అందరును ఎరిగినదే.

సువార్తలలో ఇచ్చట వాడబడిన గ్రీకు పదము ‘కునారియోన్’. వీధికుక్క కాదు, ఇంటి చిన్నకుక్క. మన అనువాదకులు ‘కుక్కపిల్లలు’ అని వ్రాసి ఆ భేదమును కాపాడిరి. అయినను అనువాదకుడనైన నేను ఒప్పుకొనవలసినది ఒకటి కలదు: పదము ఎంత చిన్నదైనను అందలి ముల్లు పోదు. వేదనతో పాదములపై పడిన తల్లికి అది కఠినమైన మాటయే.

ఆ మాట వెనుక గలిలయ రైతుల చేదు అనుభవమును ఉండవచ్చును. తూరు, సీదోను పట్టణములవారు ఆహారమునకు హేరోదు దేశముపై ఆధారపడియుండిరని అపొస్తలుల కార్యములు 12:20 తెలుపుచున్నది. పల్లెలో పండిన ధాన్యము ధనికమైన పట్టణమునకు పోగా, పండించినవాని పిల్లలు ఆకలిగొనుట క్రొత్త సంగతి కాదు. పిల్లల రొట్టెను ఇతరులకు వేయుట తగదను సామెతవంటి మాట అట్టి ప్రజల నోట పుట్టియుండుట సహజమే.

4. ఆ తల్లి చూచినది

ప్రభువు ‘మొదట’ పిల్లలు తృప్తిపొందవలెననెను (మార్కు 7:27). మొదట అనగా తరువాత అనునది కలదు. కాని ఆ తల్లి తరువాతివరకు ఆగలేదు. తనకు పెట్టబడిన పేరును గూర్చి వాదింపలేదు, అలిగి వెళ్లిపోలేదు. ఇంటిలో నిజముగా జరుగుదానిని ప్రభువునకు జ్ఞాపకము చేసెను. పిల్లలు తినుచుండగానే ముక్కలు రాలును. కుక్క అప్పుడే తినును. పిల్లల పాలు తగ్గదు, కుక్క ఆకలితో ఉండదు. ఇద్దరి భోజనమును ఒక్క గడియలోనే.

‘తృప్తిపొందుట’కు మార్కు వాడిన క్రియను గమనింపుడి. అయిదువేలమంది తిని తృప్తిపొందినప్పుడు అదే క్రియ (6:42). పండ్రెండు గంపలు మిగిలెను. ఈ స్త్రీ కథ పిమ్మట నాలుగువేలమంది తృప్తిపొందినప్పుడును అదే క్రియ (8:8); ఏడు గంపలు మిగిలెను. ఈ రెండు విందుల నడుమ ఆమె నిలిచియున్నది. గంపలు మిగులు ఇంటిలో ముక్కకు కరవా? ఆమె ఆ గంపలను చూడలేదు. అయినను అట్టి ఇల్లు ఒకటి కలదని నమ్మెను. ‘ఈ మాట చెప్పినందున’ అని ప్రభువు ఆమెను గౌరవించెను. ఇల్లు చేరగా కుమార్తె స్వస్థతతో మంచముపై పండుకొనియుండెను.

5. మన బల్ల

నా బాల్యమున కోతల దినములలో మా తాతగారి పొలమునకు పోవుచుండెడివారము. మా అవ్వ కట్టెలపొయ్యిపై జొన్నరొట్టెలు కాల్చుచుండగా, ఇంటి కుక్క నిరాటంకముగా వసారాలోనికి వచ్చి మా ప్రక్కన కూర్చుండెడిది. మా పాలేరు మాత్రము పశువుల కొట్టమునొద్ద, తన పళ్లెములో, వేరుగా తినెడివాడు. భోజనమునకు ముందు మేము తప్పక స్తోత్రము చెల్లించితిమి. మాలో ఒక్కరికిని అందు తప్పు తోచలేదు. సురోఫెనికయ స్త్రీ కథను అనువదింప కూర్చున్న దినమున ఆ పళ్లెము నాకు జ్ఞాపకము వచ్చెను. ఆ దినమున నేను ఒక్క వాక్యమైనను ముగింపలేకపోతిని.

రొట్టె చాలదని భయపడువాడే బల్లయొద్ద హద్దులు గీయును. మన ప్రభువు ఇంట రొట్టెకు కొదువ లేదు. పిండి పిసికినదే మూడు కుంచములు. కావున బల్లక్రింద ముక్క చాలునని ఆమె చెప్పినది ఆమె వినయము. ‘నీకు ముక్క చాలును’ అని మరియొకనితో మనము చెప్పుట మన పాపము. విశ్వాసి తన్నుగూర్చి పలుకవలసిన మాటను పొరుగువానిపై మోపకుందము గాక.

ధ్యానించుటకు ప్రశ్నలు

1. మీ ఇంట వండినది ఎవరెవరు, ఎక్కడ కూర్చుండి తినుచున్నారు?

2. ‘మొదట’ అను మాటను ‘మాకు మాత్రమే’ అని మన సంఘము ఎప్పుడైనను మార్చినదా?

3. ఈ వారము మీ బల్లయొద్దకు ఎవరిని పిలువగలరు?