పీసీ ఠక్కున ఆగిపోతుంటే
రేపు ప్రాజెక్ట్ రివ్యూ అనగా, కోడ్ కంపైల్ అవుతుండగా నా డెస్క్‌టాప్ ఠక్కున ఆఫ్ అయింది. ఆన్ చేస్తే పది నిమిషాలకే మళ్లీ అదే కథ. ఈవెంట్ వ్యూయర్‌లో ‘కెర్నల్-పవర్ 41’ అని చూసి విండోస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయబోయాను. మీరు ఆ తొందర పడకండి! 41 అంటే సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే. ఎందుకో అది చెప్పదు.

ముందు బయాస్‌లోకి వెళ్లి అలాగే వదిలేయండి. అక్కడా ఆగిపోతే తప్పు విండోస్‌ది కాదు. అక్కడే సీపీయూ టెంపరేచర్ చూడండి. 100 డిగ్రీల వైపు పాకుతుంటే, కాలిపోకుండా చిప్ తనే ఆపేసుకుంటోందన్నమాట. నాది 90 దాటింది. ప్లగ్ పీకి కేస్ విప్పితే హీట్‌సింక్ నిండా దుమ్ము, థర్మల్ పేస్ట్ ఎండి పెచ్చులు! తుడిచి కొత్త పేస్ట్ రాశాక తెల్లారేదాకా ఆగలేదు.

వేడి మామూలుగానే ఉండి, గేమ్ పెట్టగానే ఆగితే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద. ఫ్రెండ్ దగ్గర ఇంకోటి తెచ్చి మార్చి చూడండి.