వాడిన నూనె నుండి బయోడీజిల్: వ్యయము, అభ్యాసము

నేడు కృష్ణా డెల్టాలో పొలం దున్నే ట్రాక్టరు మొదలు, కైకలూరు ప్రాంతపు చేపల చెరువులకు మేత మోసే లారీ వరకు డీజిలు మీదనే ఆధారపడి ఉన్నవి. ఆ డీజిలుకు మూలమైన ముడి చమురులో అత్యధిక భాగం మన దేశానికి విదేశాల నుండి దిగుమతి అవుతున్నది. మరొకవైపు విజయవాడ హోటళ్ళలో, మిఠాయి దుకాణాలలో, పునుగుల బండ్ల వద్ద, రంజాన్ మాసంలో సమోసాలు వేయించే మూకుళ్ళలో ప్రతిదినం ఎంతో నూనె కాగి నల్లబడి మిగిలిపోతున్నది. ఈ నూనెను ఇంటివద్దనే ఇంధనంగా మార్చుకొనవచ్చుననే మాట యువకులను సహజంగానే ఆకర్షిస్తుంది. ఈ ఆశ ఎంతవరకు సఫలమగునో, అందుకు ఎంత వ్యయం, ఎంత అభ్యాసం కావలెనో పరిశీలించుటయే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

చారిత్రక నేపథ్యం

1900లో పారిస్ నగరంలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. కాని వంటనూనె చిక్కదనం డీజిలు చిక్కదనానికి సుమారు పది రెట్లు ఉంటుంది. అందువలన అది ఇంజనులో సరిగా తుంపరలు కాక, మసిపట్టి, కాలక్రమాన యంత్రాన్ని చెరచును. 1937లో బెల్జియం దేశస్థుడైన షవాన్ అనే శాస్త్రజ్ఞుడు నూనెను ఆల్కహాలుతో చర్య జరిపి పలుచని ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు పొందాడు. నేటి బయోడీజిల్‌కు అదే మూలం.

మన తెలుగునాట ఇందుకు సన్నిహితమైన ఉదాహరణ నాటి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ. అచటి గిరిజన మహిళలు సంఘంగా ఏర్పడి, ఇక్రిశాట్ సంస్థ సహకారంతో కానుగ చెట్లు పెంచి, గింజల నుండి నూనె తీసే యంత్రాన్ని నిర్వహించారు. ఆ నూనె డీజిలుకు బదులుగా వినియోగపడి 147 టన్నుల బొగ్గుపులుసు వాయువును నివారించగలదని లెక్కించి, 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. ఇక్కడ గమనించదగినది ఒకటున్నది. ఆ పని ఒంటరి ఇంటి పని కాదు. యంత్రం, శ్రమ, నష్టభయం అన్నీ సంఘం పంచుకొన్నది.

రసాయన సూత్రం

నూనె అణువులో ఒక గ్లిజరిన్ భాగానికి మూడు కొవ్వు ఆమ్లాలు అతుకుకొని ఉంటాయి. కాస్టిక్ సోడా సమక్షంలో మిథనాల్ ఆ మూడింటిని విడదీసి తనతో కలుపుకొంటుంది. అట్లు ఏర్పడిన మిథైల్ ఎస్టరే బయోడీజిల్. బరువైన గ్లిజరిన్ అడుగున చేరుతుంది. నూనెకు సోడా కలిపి సబ్బు చేయుట మనవారికి తెలిసినదే. బయోడీజిల్ దానికి దగ్గర చుట్టం వంటిది. నూనెలో తడి ఉన్నను, సోడా ఎక్కువైనను చర్య దారి తప్పి సబ్బుగానే ముగుస్తుంది.

పలుమార్లు కాగిన నూనెలో విడి ఆమ్లాలు పెరుగుతాయి. వాటిని కొలవనిదే సోడా ఎంత వేయవలెనో తెలియదు. ఒక మిల్లీలీటరు నూనెను పది మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాలులో కరిగించి, లీటరు నీటికి ఒక గ్రాము చొప్పున కలిపిన సోడా ద్రావణాన్ని చుక్కలుగా వేయాలి. సూచికగా ఫినాఫ్తలీన్ వాడతారు. అది లేనిచోట మన దుగ్గిరాల పసుపైనా చాలును. పసుపులో సున్నం పడితే పారాణి ఎర్రబడే సూత్రమే ఇది. రంగు మారి నిలిచేసరికి ఎన్ని మిల్లీలీటర్లు పట్టినవో, ప్రతి లీటరు నూనెకు అన్ని గ్రాముల సోడాను మామూలుగా వేసే 3.5 గ్రాములకు అదనంగా చేర్చాలి. కానుగ నూనెలో ఆమ్లం తరచు మరీ ఎక్కువగా ఉంటుంది గనుక, దానిని ముందుగా గంధకామ్లంతో శుద్ధి చేయు మరొక దశ అవసరమగును.

తయారీ క్రమం

నూనెను వడకట్టి, తడి పోవునట్లు కాచి, 55 డిగ్రీల వేడికి చల్లార్చాలి. మిథనాల్‌లో సోడాను విడిగా కరిగించి, ఆ మిశ్రమాన్ని నూనెలో పోసి, మూతవేసి గంటకు పైగా కలియబెట్టాలి. మిథనాల్ దాదాపు 65 డిగ్రీల వద్ద మరుగుతుంది గనుక వేడి మించరాదు. ఒక రాత్రి కదల్చక ఉంచి, అడుగున చేరిన గ్లిజరిన్‌ను తీసివేయాలి. పైనున్న ద్రవాన్ని నీటితో రెండు మూడు మార్లు మెల్లగా కడిగి ఆరబెట్టాలి. ఫలితాన్ని పరీక్షించుటకు ఒక వంతు ఇంధనాన్ని తొమ్మిది వంతుల మిథనాల్‌లో కలిపి చూడాలి. అడుగున నూనె చుక్కలు నిలిచినచో చర్య పూర్తికానట్లే.

ఖర్చుల లెక్క

నూరు లీటర్ల నూనెను లెక్కకు తీసుకొందాము. చర్యకు సిద్ధాంతరీత్యా 12, 13 లీటర్ల మిథనాల్ చాలును. కాని చర్య పూర్తి కావడానికి 20 లీటర్లు పోయవలసి ఉంటుంది. పరీక్షలో రెండు మిల్లీలీటర్లు పట్టిన నూనెకు సోడా 550 గ్రాములు కావాలి. కడగడానికి నూనెకు దాదాపు సమానమైన నీరు, కాచుటకు వంటచెరకో విద్యుత్తో కావాలి. కొత్తగా నేర్చుకొనేవారికి చివరకు 85 లీటర్లు చేతికి వచ్చినవనుకొంటే, లీటరు ఇంధనానికి మిథనాలే దాదాపు పావు లీటరు పడినది. ఈ ఒక్క పద్దుతోనే 'ఉచిత డీజిలు' అనే మాట వీగిపోతుంది.

నూనె సైతం ఉచితం కాదు. 2018 జూలై 1 నుండి టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం మించిన నూనెను ఆహారానికి వాడరాదు. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడు నూనె వాడే వ్యాపారులు 2019 మార్చి 1 నుండి లెక్కలు వ్రాసి, వాడిన నూనెను అనుమతి గల సంస్థలకే ఇవ్వవలసి ఉన్నది. కనుక పెద్ద హోటళ్ళ నూనె ఇంటి తయారీదారునికి దక్కదు.

ఇక కనిపించని పద్దులు మూడు. ఐదు విడతలలో ఒకటి చెడిపోతే, దాని ఖర్చును మిగతా నాలుగు మోయాలి. అనగా ఒక్కొక్క విడత ఖర్చు నాలుగో వంతు పెరుగును. బయోడీజిల్‌లో శక్తి డీజిలు కంటే లీటరుకు సుమారు ఎనిమిది శాతం తక్కువ. కాబట్టి డీజిలు ధరలో 92 వంతుల పాళ్ళతోనే దానిని పోల్చాలి. మూడవది మన శ్రమ. వడకట్టుట, కొలుచుట, కడుగుట, పాత్రలు తోముట ఒక పూటతో తీరవు. ఈ మూడింటినీ కలిపి చూచినచో, ఇంటి పెరటిలో చేసిన బయోడీజిల్ డబ్బు మిగిల్చుట బహు అరుదు.

అభ్యాసంలో జాగ్రత్తలు

మొదటి ప్రయోగం ఒక్క లీటరుకు మించరాదు. ప్రతి విడతకు నూనె ఎక్కడిది, ఎన్ని గ్రాముల సోడా, ఎంత వేడి, ఎంత దిగుబడి అన్నది పుస్తకంలో వ్రాసుకొనాలి. చెడిన విడతకు కారణం ఆ పుస్తకమే చెప్పును. అల్యూమినియం పాత్రలు వాడరాదు. సోడా వాటిని తినివేసి మండే వాయువును వెలువరించును. మిథనాల్ విషము. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోయే ప్రమాదమున్నది. దాని ఆవిరి సులభంగా అంటుకొంటుంది, మంట పగటివేళ దాదాపు కంటికి కనిపించదు. కనుక వంటింట్లో, పిల్లలు తిరిగే చోట ఈ పని కూడదు. పాత ఇంజనులో ఈ ఇంధనం పోసినచో రబ్బరు గొట్టాలు మెత్తబడవచ్చును, ఫిల్టరు పూడుకొనవచ్చును. ఈ సంగతి జవహర్ ఆటోనగర్ మెకానిక్కును ముందుగా సంప్రదించి తెలుసుకొనుట మేలు.

అన్నిటికంటె ముఖ్యమైనది కడిగిన నీరు. అందులో సబ్బు, సోడా, మిథనాల్ ఉంటాయి. దానిని ఏలూరు, రైవస్, బందరు కాలువలలో కలుపరాదు. ఆ కాలువల నీరే దిగువ గ్రామాల మంచినీటి చెరువులను నింపుతున్నది.

ముగింపు

2009 నాటి జాతీయ విధానం 2017కల్లా 20 శాతం బయోడీజిల్ మిశ్రమాన్ని ఆశించింది. అది నెరవేరలేదు. 2018 విధానం 2030కి ఐదు శాతమే లక్ష్యంగా నిలిపింది. దేశానికే ఇంత కష్టమైన పని ఒక ఇంటికి సులభమని తలచుట భ్రమ. అట్లని ఈ విద్య నిష్ఫలం కాదు. వాడిన నూనె మళ్ళీ మూకుడులోనికి చేరకుండుట ప్రజల ఆరోగ్యానికి లాభం. కొలత, ఓర్పు, నిజాయితీగల పద్దు, ఈ మూడూ విద్యార్థికి లాభం. మన కళాశాల రసాయన ప్రయోగశాలలో అధ్యాపకుల పర్యవేక్షణలో లీటరు చొప్పున ఇట్టి ప్రయోగాలు జరిపి, జమాఖర్చులను, చెడిన విడతలతో సహా, వచ్చే సంచికలో ప్రకటించుటకు కళాశాల సంఘం పూనుకొనదగును. డబ్బు ఆదా అయినా కాకున్నా, ఒక్క లీటరు ఇంధనం వెనుక ఎంత శ్రమ దాగి ఉన్నదో ఎరిగిన విద్యార్థి దానిని వృథా చేయడు.