పునాదికి శత్రువులు: చౌడును మంచును

ఇల్లు కట్టిన పిమ్మట జనులు గోడలను ద్వారములను జూచి మెచ్చుకొందురు గాని పునాదిని దలంచువారు అరుదు. అయినను ఇంటి యాయుర్దాయము పునాదియందే యున్నది. నేడు పునాదులును, వంతెనలును, మురుగు కాలువలును కాంక్రీటుతో గట్టబడుచున్నవి. ఱాతివలె గట్టిదగు నీ పదార్థము కొన్ని నేలలందు కొలది యేండ్లకే మెత్తబడి రాలిపోవుటకు గారణమేమి? విద్యార్థు లెఱుంగదగిన విషయమిది.

సిమెంటు, ఇసుక, కంకర, నీరు అను నాలుగును కలిసినదే కాంక్రీటు. తడిబట్ట యారినట్లు సిమెంటును ఆరి గట్టిపడునని పలువురు తలంతురు. అది పొరపాటు. సిమెంటు నీటితో రసాయన సంయోగము నొందుటచేతనే గట్టిపడును. అందుచేతనే తాపీపనివారు క్రొత్త కట్టడమును దినములకొలది తడుపుచుందురు. సంయోగమునకు వలసినదానికంటె నెక్కువగా బోసిన నీరు సన్నని రంధ్రములను మిగిల్చిపోవును. శత్రువులు ప్రవేశించు ద్వారములు అవియే.

కెనడా దేశపు పశ్చిమభాగమున సస్కాచెవాన్ అను గోధుమసీమ కలదు. అచ్చటి నేలలో పెక్కుచోట్ల సోడియము, మెగ్నీషియము, కాల్షియముల సల్ఫేటు లవణములు మెండుగా నున్నవి. వేసవిలో నీరింకిన పల్లములపై తెల్లని పొర యేర్పడును; మన రైతు దానిని జూచిన చౌడనియే యనును. ఇరువదవ శతాబ్దారంభమున ఆ ప్రాంతపు కాంక్రీటు కట్టడములు ఇట్టి భూజలము సోకి చెడిపోజొచ్చినవి.

1883లో ఐస్లాండున జన్మించి బాల్యముననే కెనడాకు వచ్చిన తోర్బర్గర్ తోర్వాల్డ్‌సన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు సస్కటూను నగరమందలి విశ్వవిద్యాలయమున ఈ సమస్యను బరిశోధింప బూనెను. ఆయనయు సహచరులును సిమెంటులోని సమ్మేళనములను వేఱువేఱుగా సిద్ధపఱచి సల్ఫేటు ద్రావణములలో నుంచి పెక్కేండ్లు పరీక్షించిరి. ట్రైకాల్షియము అల్యూమినేటు అనునది ముఖ్యదోషి యని తేలెను. అది సల్ఫేటుతో గూడినప్పుడు ఎట్రింజైటు అను స్ఫటికములు పుట్టును. వాని రసాయనసూత్రమున 32 నీటి యణువులు చేరియుండును గాన అవి మిక్కిలి చోటు నాక్రమించి కాంక్రీటును లోపలినుండి చీల్చును. ఆ సమ్మేళనమును దగ్గించి చేసినదే సల్ఫేటు నిరోధక సిమెంటు. అందు దానిని సాధారణముగా 5 శాతమునకు మించనీయరు.

రెండవ శత్రువు మంచు. నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి 9 వంతులు పెరుగును. రంధ్రములలోని నీరు మాటిమాటికి గడ్డకట్టి కరుగుటచే కాంక్రీటు పెచ్చులుగా నూడును. 1930-40 నడుమ అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున కొన్ని రోడ్లు మాత్రము ఇతరములకంటె బాగుగా నిలిచినవి. విచారింపగా, సిమెంటును పొడిచేయునపుడు చేరిన కొవ్వు, గుగ్గిలము వంటి పదార్థములు కాంక్రీటులో సూక్ష్మమైన గాలిబుడగలను గల్పించినవని తెలిసెను. గడ్డకట్టుచున్న నీటి యొత్తిడికి ఆ బుడగలు ఆశ్రయమిచ్చును. గాలి మితిమీరిన బలము తగ్గును గాన సుమారు 4 మొదలు 7 శాతమువఱకే దానిని చేర్చుదురు.

ఇంతటితో జయము సిద్ధించెనని తలంపరాదు. 1998లో ఇంగ్లండునందు గ్లాస్టర్‌షైరు సీమలో ఎం5 రాజమార్గపు వంతెనల పునాదులను త్రవ్విచూడగా, మన్నులో పాతియున్న కాంక్రీటు పైభాగము తెల్లని ముద్దయై యుండెను. అది థామసైటు అను లవణము చేసిన పని. చల్లదనము, తేమ, సల్ఫేటు, సున్నపుఱాతి కార్బనేటు కూడినప్పుడు, ముఖ్యముగా 15 డిగ్రీలకు లోబడిన చలిలో, అది పుట్టును. అల్యూమినేటును గాక, కాంక్రీటును బంధించియుంచు సిలికేటునే అది నాశనము చేయును. కావున సల్ఫేటు నిరోధక సిమెంటు మాత్రమే దానికి చాలిన మందు కాదు.

రోగము నెఱుగక యిచ్చు మందు ఫలింపదు. కట్టుటకు ముందే నేలను, భూజలమును బరీక్షింపవలయును. తగిన సిమెంటును ఏర్పఱుపవలయును. నీటిని మితముగా గలిపి, చక్కగా కూరి, చాలినన్ని దినములు తడుపవలయును. పునాదియొద్ద నీరు నిలువకుండ దారి చేయవలయును. వీనిలో పెక్కు పనులు మన్ను కప్పిన పిమ్మట ఎవ్వరికిని గానరావు. అయినను పైనున్న కట్టడమును, అందు వసించువారి క్షేమమును వానినే యాశ్రయించియున్నవి.