గాజుపోగు ఇచ్చే హెచ్చరిక

2017 నవంబరు 29న మన కృష్ణగిరి డ్యాం ఎనిమిది షట్టర్లలో ఒకటి విరిగి నీరు వృథాగా పోయింది. ఉక్కు భారానికి ఎంత సాగుతోందో కంటికి కనబడదు. దానిని కొలిచే సాధనాల్లో ఆప్టికల్ ఫైబర్ సెన్సార్ ఒకటి.

ఇది సుమారు 125 మైక్రాన్ల మందం గల గాజుపోగు. దాని లోపల అతినీలలోహిత కాంతితో సన్నని గీతల వరుస ఏర్పరుస్తారు. దీని పేరు బ్రాగ్ గ్రేటింగ్. పోగులోకి పంపిన కాంతిలో ఒక్క తరంగదైర్ఘ్యాన్నే ఇది వెనక్కి పంపుతుంది. పోగును ఉక్కుకు అతికిస్తే, ఉక్కుతోపాటు అదీ సాగి, గీతల మధ్య దూరం పెరిగి, తిరిగివచ్చే తరంగదైర్ఘ్యం మారుతుంది. 1993లో కెనడాలోని కాల్గరీలో కట్టిన ఒక వంతెనలో ఇలాంటి సెన్సార్లు అమర్చారు.

ఒక లెక్క చూద్దాం. 1550 నానోమీటర్ల కాంతితో, మీటరు ఉక్కు 100 మైక్రాన్లు సాగితే మార్పు సుమారు 120 పికోమీటర్లు. అయితే, ఫైబర్‌కు 10 డిగ్రీల వేడి పెరిగినా సుమారు 100 పికోమీటర్ల మార్పు వస్తుంది! అందుకే భారం పడని అదే రకం ఉక్కుముక్కకు మరో సెన్సార్ అతికించి, ఆ మార్పును తీసివేయాలి.

సెన్సార్ షట్టరును బాగుచేయదు. అంకెలు చదివి, సకాలంలో మరమ్మతు చేయించే ఇంజనీర్లు కావాలి. అంచెట్టి విద్యార్థులారా, భౌతికశాస్త్రంలో కాంతి పాఠాన్ని శ్రద్ధగా చదవండి.