కత్తికి ముందు జోడీని వెతుక్కోండి

జర్మనీలోనో, ఇంగ్లండ్‌లోనో, అమెరికాలోనో ఉద్యోగం చేసుకుంటూ, పాతకాలపు యూరప్ కత్తిసాము నేర్చుకోవాలని మనసుపడ్డవాళ్లకు ముందుగా తోచే పని కత్తికి ఆర్డరు పెట్టడం. ఆ డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి. కత్తి ఎప్పుడైనా దొరుకుతుంది. వారంవారం మీ ఎదురుగా నిలబడి, మీ తప్పును మీకు చూపించి, మీరు దిద్దుకునేదాకా ఓపిక పట్టే మనిషి దొరకడమే కష్టం. ఈ విద్యలో మీరు ఎంత ఎదుగుతారన్నది చాలావరకు ఆ మనిషి మీదే ఆధారపడి ఉంటుంది.

హెమా (హిస్టారికల్ యూరోపియన్ మార్షల్ ఆర్ట్స్) అని పొట్టిగా పిలుచుకునే ఈ విద్య గురువు నుంచి శిష్యుడికి తెగకుండా వచ్చింది కాదు. మధ్యలో ఆగిపోయింది. పాత గురువులు రాసిపెట్టిన పుస్తకాలు చదివి, అందులోని మాటలనూ బొమ్మలనూ సాధనలో పరీక్షించి మళ్లీ నిలబెట్టుకుంటున్నారు. ఇప్పటికి దొరికినవాటిలో అతి పాతది 14వ శతాబ్దం తొలినాళ్ల నాటిది, లీడ్స్‌లోని రాయల్ ఆర్మరీస్‌లో ఉంది. ఒక మతాచార్యుడు శిష్యుడికి కత్తీ చిన్న డాలూ నేర్పుతున్న బొమ్మలు అందులో కనిపిస్తాయి. చివరి పుటల్లో వాల్పుర్గిస్ అనే స్త్రీ కూడా కత్తి పట్టి సాధన చేస్తుంటుంది. ఆడవాళ్లకు ఇందులో చోటుందా అని సందేహించేవారికి ఆ బొమ్మే జవాబు. ఇటలీ గురువు ఫియోరె దెయి లిబేరి 1410 ప్రాంతంలో రాసిన గ్రంథం ప్రతి ఒకటి లాస్ ఏంజలెస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. జర్మన్ సంప్రదాయం చాలావరకు యోహానెస్ లిఖ్టెనౌయర్ పేరు మీద నడుస్తుంది.

ఉద్యోగస్తులకు నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్న పేరు యోఆఖిమ్ మేయర్. బాసెల్‌లో పుట్టి స్ట్రాస్‌బర్గ్‌లో స్థిరపడిన ఈయన వృత్తిరీత్యా కత్తులు చేసే పనివాడు. 1570లో కత్తిసాము మీద పెద్ద పుస్తకం అచ్చువేయించి అప్పులపాలయ్యాడు. ఆ తర్వాత ఒక డ్యూక్ కొలువులో గురువుగా కుదిరి, 1571లో చనిపోయాడు. ఆ పుస్తకాన్ని నేటికీ లోకమంతటా క్లబ్బుల్లో ముందు పెట్టుకుని సాధన చేస్తున్నారు. 1487లో మూడవ ఫ్రెడరిక్ చక్రవర్తి నుంచి అధికార పత్రం పొందిన మార్క్స్‌బ్రూడర్ అనే కత్తిసాము సంఘంలోనూ చేతివృత్తులవాళ్లే ఎక్కువ. గుర్రమెక్కిన వీరుల విద్య అనుకుని జంకనక్కర్లేదు. పనిచేసుకు బతికేవాళ్లు కూడా సాధన చేసిన విద్య ఇది.

జోడీ ఎందుకంత ముఖ్యమో చెబుతాను. రెండు కత్తులు తగిలి ఒకదాన్నొకటి నొక్కుకుంటున్న క్షణం లిఖ్టెనౌయర్ సంప్రదాయానికి గుండెకాయ. అవతలివాడు గట్టిగా తోస్తున్నాడా, మెత్తగా వదులుతున్నాడా అన్నది కంటితో కాదు, అరచేతితో తెలుసుకోవాలి. గట్టిగా తోస్తే పక్కకు వదిలి మరో వైపు నుంచి వెళ్లాలి. మెత్తగా ఉంటే తిన్నగా పొడవాలి. ఆ స్పర్శ వీడియోలో దొరకదు, అద్దం ముందు దొరకదు. ఒంటరిగా ఇంట్లో అడుగులు వేయవచ్చు, నిలకడలు సాధన చేయవచ్చు, గాలిలో వేటు వేసి దాని దారి సరిచూసుకోవచ్చు. అదంతా అవసరమే. అయినా అది సగం చదువే.

కాబట్టి మొదటి అడుగు క్లబ్బు. అమెరికాలో హెమా అలయన్స్, బ్రిటన్‌లో బ్రిటిష్ ఫెడరేషన్ ఫర్ హిస్టారికల్ స్వోర్డ్‌ప్లే, జర్మనీలో డిడిహెచ్ఎఫ్ అనే సమాఖ్య ద్వారా దగ్గరలోని క్లబ్బుల వివరాలు తెలుస్తాయి. జర్మనీలో చాలావరకు ఇవి రిజిస్టరైన సంఘాలు, బడి వ్యాయామశాలల్లో సాయంత్రాలు సాధన చేస్తాయి. ప్రోబెట్రైనింగ్ అని అడగండి, ఒక రోజు వచ్చి చూసుకోనిస్తారు. వ్యాయామం బట్టలు, నేల మీద జారని బూట్లు, నీళ్ల సీసా చాలు. కత్తి, ముసుగు చాలా క్లబ్బులు అరువిస్తాయి.

ఆ మొదటి రోజు మీరు నేర్చుకునేదానికన్నా గమనించేది ముఖ్యం. చేయి తిరిగినవాళ్లు కొత్తవాళ్లతో వేగం తగ్గిస్తున్నారా? ఎవరైనా ఆగమనగానే ఇద్దరూ వెంటనే ఆగుతున్నారా? నేర్పేవారు ఏ పుస్తకం నుంచి నేర్పుతున్నారో చెప్పగలుగుతున్నారా? వచ్చిన రోజే కొత్తవాడి చేతికి ఉక్కు కత్తి ఇచ్చి పోరుకు దింపే చోటు అయితే, ఎంత పేరున్నా సరే, అక్కడికి మళ్లీ వెళ్లకండి.

జోడీ దొరకాలంటే ముందు మీరు మంచి జోడీ కావాలి. దీనిలో పెద్ద సంగతి వేటు నిజంగా వేయడం. అభ్యాసంలో దాడి చేసే పాత్ర మీదైతే, ఎదుటివాడు కాచుకోకపోతే తగిలేట్టుగా, అదుపులో ఉంచి వేయాలి. మొహమాటానికి కత్తిని పక్కకు వేస్తే అతను రాని దెబ్బను కాచుకోవడం నేర్చుకుంటాడు. అది సహాయం కాదు, అపకారం. మీకు దెబ్బ తగిలితే తగిలిందని వెంటనే చెప్పండి. ఒక్కరితోనే అలవాటుపడకుండా పొడుగువాళ్లతో, పొట్టివాళ్లతో, ఎడమచేతివాటం వాళ్లతో మార్చుకుంటూ చేయండి.

ఉద్యోగంతో ముడిపెట్టడం మరో లెక్క. అమెరికాలో ఉంటే ఇండియా కాల్స్ సాయంత్రాలను తినేస్తాయి. జర్మనీలో అవి పొద్దున పడతాయి కనుక సాయంత్రం కాస్త ఊపిరాడుతుంది. వారానికి నాలుగు రోజులు వస్తానని మాటిచ్చి మానేయడం కన్నా ఒక్క రోజు ఖాయంగా రావడం మేలు. ఆ రోజు ఆఫీసు క్యాలెండరులో ముందే మూసి ఉంచండి. ఆన్‌కాల్ పడితే ముందురోజే జోడీకి చెప్పండి. మీకోసం గంట ప్రయాణం చేసి వచ్చినవాడు ఖాళీగా నిలబడితే, తర్వాతి వారం ఇంకొకరిని చూసుకుంటాడు.

దగ్గరలో క్లబ్బు లేకపోతే ఇద్దరు చాలు. విక్టెనౌర్ అనే వెబ్‌సైట్‌లో పాత గ్రంథాల ఇంగ్లీషు అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి. ఒకే గురువు, ఒకే ఆయుధం పట్టుకోండి. పది పుస్తకాల నుంచి పది ఎత్తులు ఏరుకుంటే ఏదీ నిలవదు. కొయ్య కత్తితోనో నైలాన్ కత్తితోనో మెల్లగా మొదలుపెట్టండి, మెల్లగా చేసినా ముసుగు తీయకండి. వీలైనప్పుడల్లా ఏదైనా శిబిరానికి వెళ్లి తెలిసినవాళ్ల చేత దిద్దించుకోండి. ఇద్దరే చేసుకుంటూ పోతే ఇద్దరి తప్పూ ఒకటే అయిపోయే ప్రమాదముంది. తెలుగు రాష్ట్రాల్లోనే ఉన్నవాళ్లు దగ్గరలో శిక్షకుడు ఉంటే ఆధునిక ఫెన్సింగ్‌తో మొదలుపెట్టవచ్చు. టోక్యో ఒలింపిక్స్‌లో భవానీ దేవి ఆడిన ఆట అదే. ఆయుధం వేరైనా, దూరం అంచనా వేయడం, అడుగు పడాల్సిన సమయం తెలియడం హెమాకూ బాగా పనికొస్తాయి.

ఇక సామాను. ముసుగు, గొంతుకు కాపు, చేతి తొడుగులు, దళసరి జాకెట్, అన్నిటికన్నా చివర కత్తి. ఈ వరస మార్చకండి. ఫెన్సింగ్ ముసుగు తల వెనక భాగాన్ని కప్పదు, దానికి వేరే కాపు కావాలి. జాకెట్ మీద 350 లేదా 800 న్యూటన్ల గుర్తు ఉందేమో చూడండి. మొద్దు అంచుతో సాధనకు చేసిన ఫెడెర్ కత్తి దాదాపు కిలోన్నర తూగుతుంది. అంత బరువు వేగంగా వచ్చి తగిలేది ఎక్కువగా వేళ్ల మీదే. కీబోర్డు మీద బతికేవాళ్లకు విరిగిన వేలు వారాల తరబడి నష్టం. పలచటి తోలు తొడుగులతో ఉక్కు కత్తి పోరుకు దిగవద్దు. గట్టి తొడుగులు ఖరీదే, అయినా పొదుపు ఇక్కడ వద్దు. క్లబ్బుకు బీమా ఉందో లేదో, మీ ఆరోగ్య బీమా ఇలాంటి గాయాలకు వర్తిస్తుందో లేదో చేరేముందే అడగండి. కత్తిని వీధిలో ఎప్పుడూ మూసిన సంచిలోనే తీసుకెళ్లండి, చట్టం దేశాన్నిబట్టి మారుతుంది కనుక స్థానిక నియమాలు క్లబ్బువారినే అడిగి తెలుసుకోండి. విమానంలో అది చెక్-ఇన్ సామానులోనే వెళ్లాలి.

ఈ వారమే ఒక క్లబ్బుకు నాలుగు ముక్కలు రాయండి: నేను కొత్త, వారంలో ఫలానా సాయంత్రం నాకు ఖాళీ, నా దగ్గర సామాను లేదు, ఒకరోజు వచ్చి చూడవచ్చా అని. రమ్మంటే ఆ రోజు పది నిమిషాలు ముందే చేరుకోండి.