ముడుపు నేర్పిన పొదుపు

కార్తికం ఇంకా ఎన్నో నెలలున్నదనగానే పాలమూరు పల్లెలలో కొన్ని ఇండ్లలో స్వామికి ముడుపు కడతారు. కొత్త గుడ్డముక్కను పసుపునీటిలో ముంచి, ఆరవేసి, అందులో ఒక నాణెం ఉంచి, స్వామిని తలచుకొని ముడి వేస్తారు. దానిని దేవుని గూటిలోనో, పటం ప్రక్కన మేకుకో ఉంచుతారు. అటు పిమ్మట కూలి ముట్టిన నాడు ఒక నాణెం, పాలు అమ్మిన నాడు ఒక నాణెం, పంట ఇంటికి చేరిన నాడు ఒక నోటు దానిలో చేరుతూ ఉంటాయి. కురుమూర్తి జాతర వచ్చేనాటికి ఆ మూట బరువెక్కుతుంది.

ఆ ఇల్లాలిని "ఇంత దాచుట కష్టం కాలేదా తల్లీ?" అని అడిగితే నవ్వి ఊరుకుంటుంది. అదే ఇంటిలో విత్తనాలకో, పిల్లల చదువుకో నాలుగు రూపాయలు వెనుక వేయవలసి వచ్చినప్పుడు మాత్రం నిట్టూర్పులు వినబడతాయి. చేయి ఒకటే, సంపాదన ఒకటే, తగ్గించుకొన్న ఖర్చు కూడ ఒకటే. ఒకచోట సంతోషం, మరొకచోట దిగులు ఎందుకు కలుగుతున్నవి? పొదుపును ఇష్టంతో చేయుట నేర్చుకొనగోరువారు ముందుగా ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

దక్షిణ తెలంగాణలోని ఈ మెట్టసీమలో పొదుపు వేడుకగా పుట్టినది కాదు. కొంత నల్లరేగడి, కొంత చలక, మిగిలినది రాతిగుట్ట. వాన కురిస్తే పంట, లేకుంటే లేదు. అందుచేతనే పెద్దలు జొన్నలను గుమ్ములలో నింపేవారు. నేలలో పాతరలు తవ్వి దాచేవారు. పాతరలో అడుగున, ప్రక్కలను గడ్డి పరచి, గింజలు పోసి, పైన మట్టితో మూసివేస్తే గాలి సోకక, పురుగు పట్టక నిలిచేవి. తెరచిన వెంటనే లోపలికి దిగరాదు; లోపలి చెడుగాలి పోయేవరకు ఆగాలి. దాచుట ఒక విద్య అయితే, దాచినదానిని తీయుట మరొక విద్య. నల్లగొండ చెంతనే పానగల్లులో కందూరు చోళుల నాటి ఉదయసముద్రం ఉన్నది. అట్టి చెరువులు ఊరంతా కలిసి నీటికి కట్టుకొన్న ముడుపులని చెప్పవచ్చును.

దాచినది లేని ఇంటికి మేస్త్రీ వచ్చేవాడు. ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టి, ఆలుమగలను దూరప్రాంతాల ఆనకట్టలకు, కాలువలకు, రహదారులకు తీసికొనిపోయేవాడు. "పాలమూరు కూలీ" అన్న పేరు దేశమంతటా వ్యాపించినది ఈ విధంగానే. పెండ్లికో, రోగానికో తెచ్చుకొన్న కొద్ది అప్పుకు నెలల తరబడి చెమట చెల్లించవలసి వచ్చేది. ఇంటిలో ముసలివారు, పసిపిల్లలు మిగిలేవారు. ఎత్తిపోతల నీరు చేరిన చోట్ల ఇప్పుడు ఆ వలస కొంత తగ్గినది. ఆ బాధకంతటికీ వారికి పొదుపు తెలియకపోవుటయే కారణమనుట అన్యాయం. వాన, భూమి, వడ్డీ మూడును ఎదురు తిరిగినప్పుడు ఎవరేమి దాచగలరు? ఆకలిగొన్నవానికి మితవ్యయం బోధించరాదు, ముందు అన్నం పెట్టవలెను. ఇక్కడ చెప్పుకొనే పొదుపు, దినం గడచిన పిదప కాస్త మిగిలే ఇంటికి సంబంధించినది.

కూడబెట్టుట పాపమని శాస్త్రం చెప్పలేదా అని కొందరి సందేహం. భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత తనకు ఇరువదినలుగురు గురువులున్నారని యదువుతో చెప్పినాడు. అందులో తేనెటీగ ఒకటి. అది కూడబెట్టిన తేనెతోపాటే నశిస్తుంది. తాను అనుభవించక, ఒకరికి పెట్టక దాచినదానిని మరెవరో కొల్లగొట్టుకొనిపోతారు. కాని సాయంకాలానికి సైతం దాచుకొనవద్దన్న ఆ నియమం భిక్షువునకు చెప్పినది. గృహస్థు మాట వేరు. అతడు భార్యాబిడ్డలకు, అతిథికి, ఊరికి, దైవానికి బాధ్యుడు. అష్టమ స్కంధంలో శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి విత్తాన్ని అయిదు భాగాలు చేయుమన్నాడు: ధర్మానికి ఒకటి, కీర్తికి ఒకటి, తిరిగి ధనం వృద్ధి పొందుటకు ఒకటి, తన సుఖానికి ఒకటి, స్వజనానికి ఒకటి. వామనునికి దానం చేయకుండ బలిని ఆపుటకై పలికిన మాట అది; బలి దానిని దాటిపోయి ధన్యుడైనాడు. అయినను మూడడుగులు అడుగ వామనుడు మన గడపకు దినదినం రాడు కనుక, సంసారికి శుక్రుని లెక్క పనికివచ్చేదే. ఆ అయిదింటిలో తన సుఖానికి కూడ ఒక పాలున్నదని మరువరాదు. కడుపు మాడ్చుకొని దాచుమని అందులో లేదు.

లోభికిని పొదుపరికిని పైకి భేదం కనబడదు. ఇద్దరును జొన్నరొట్టె, పచ్చిపులుసుతోనే భోజనం ముగించవచ్చును. లోభి దాచిన దానికి పేరు లేదు. అందుచేత దానికి అంతం లేదు, తృప్తియు లేదు. ముడుపునకు పేరున్నది, ఇంతవరకు అన్న హద్దున్నది, విప్పవలసిన దినమున్నది. ఆ ఇల్లాలి నవ్వునకు కారణం ఇక్కడ దొరుకుతుంది. ఆమె ఒక నాణెం కోల్పోలేదు. ప్రతి నాణెంతో జాతరకు ఒక అడుగు దగ్గరైనది.

మహబూబ్‌నగర్ జిల్లా చిన్నచింతకుంట మండలంలోని కురుమూర్తి కొండ కథ కూడ అప్పు కథయే. శ్రీనివాసుడు పద్మావతీ పరిణయానికి కుబేరుని వద్ద ఋణం తీసికొన్న సంగతి అందరెరిగినదే. ఆ ఋణభారంతో మనసు నొచ్చి స్వామి తిరుమలను వీడి కృష్ణాతీరానికి వచ్చి, ఈ గుట్టలపై విశ్రమించినాడని ఇక్కడి భక్తుల నమ్మకం. జాతరలో స్వామికి ఆభరణాల అలంకరణ ఉన్నది. దానిని మించిన ఉత్సాహంతో ఉద్దాల ఉత్సవం జరుగుతుంది. చినవడ్డెమాను నుంచి చర్మకారులు నిష్ఠతో కుట్టిన పాదరక్షలు ఊరేగింపుగా వస్తాయి. పెండ్లి ఖర్చునకు దేవుడంతటివాడు అప్పుపడినాడన్న కథ విన్న చెవులతోనే, పెండ్లి పందిరికి, విందుకు శక్తికి మించి అప్పు చేయుట ఈ సీమలో ఇప్పటికిని మానలేదు. స్వామికి వడ్డీ కట్టుటకు భక్తకోటి ఉన్నది. కూలివానికి ఎవరున్నారు?

నల్లగొండ వైపు మరొక పాఠం దొరుకుతుంది. 1951 ఏప్రిల్ 18న ఆచార్య వినోబా భావే పోచంపల్లి చేరినప్పుడు అచ్చటి హరిజన కుటుంబాలు ఎనుబది ఎకరాల భూమి కావలెనని కోరినవి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి నూరెకరాలు ఇచ్చెదనన్నాడు. భూదానోద్యమం అక్కడ మొదలైనది. ఆ తరువాత కొన్నేండ్లకు వినోబా సర్వోదయ పాత్ర అనే పద్ధతిని ప్రవేశపెట్టినాడు. ఇంటిలో ఒక పాత్ర ఉంచి దినమునకొక పిడికెడు గింజలు అందులో వేయవలెను. ఆ పిడికిలి పిల్లవానిదై ఉండవలెను. తల్లి పిడికిలి పెద్దదే, గింజలును ఎక్కువే వచ్చును. కాని తినుటకు ముందు పెట్టవలెనన్న అలవాటు పడవలసినది బిడ్డకు గదా. మట్టి గల్లగురిగిలో నాణెం వేసి చెవి దగ్గర ఆడించి చూచుకొనే పిల్లవాని ముఖం గమనించినవారికి పొదుపులోని ఆనందం వేరుగా వివరింప పనిలేదు.

ఈ అలవాటు ఆడవారి చేతులలో సంఘమైనది. నెల్లూరు జిల్లాలో సారా వ్యతిరేకోద్యమం తరువాత 1990లలో స్త్రీలు దినమునకొక రూపాయి చొప్పున పొదుపు ఆరంభించినారు. మహబూబ్‌నగర్ జిల్లాలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం తోడ్పాటుతో ఆ దశకం నడుమనే సంఘాలు ఏర్పడినవి. 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. దినమునకొక రూపాయి అంటే నెలకు ముప్పది. పదునైదుగురు కలిస్తే నెలకు 450, ఏడాదికి 5,400 రూపాయలు. బిడ్డకు జ్వరం వచ్చిన రాత్రి ఒకరి గడప ఎక్కి తల వంచకుండ, తమ పెట్టెలోనుండియే తీసికొనగలుగుట ఆ స్త్రీలకు కొత్త అనుభవం. తీసికొన్నది తిరిగి కట్టవలెనన్న భయం కన్న, ప్రక్క ఇంటి అక్క రూపాయి అందులో ఉన్నదన్న సిగ్గు బలంగా పనిచేసినది. అయితే సులభంగా దొరికే అప్పు పొదుపును మ్రింగిన ఇండ్లును ఉన్నవి. వసూళ్ళ ఒత్తిడికి తాళలేని కుటుంబాల గోడు విని, 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మఋణ సంస్థలను అదుపు చేయుటకు ఆర్డినెన్సు తీసికొనిరావలసి వచ్చినది.

కనుక నేర్చుకొనదలచినవారు పెద్దమొత్తంతో మొదలుపెట్టనక్కరలేదు. ఖర్చులన్నీ ముగిసిన పిదప మిగిలినది దాచుదమనుకొంటే సాధారణంగా ఏమియు మిగలదు. డబ్బు చేతికందిన నాడే, దీపం పెట్టిన వేళ, కొంచెం తీసి ప్రక్కన ఉంచవలెను. దానికొక పేరు పెట్టవలెను: బావి పూడికకు, అమ్మాయి చదువుకు, అమ్మ కంటి వైద్యానికి. పేరు పెట్టినదానిని మరొకదానికి తీయుటకు చేయి జంకుతుంది, దేవుని ముడుపును విప్పుటకు జంకినట్లే. బ్యాంకు ఖాతాలో ఉన్నను సరే, ఒక కాగితంపై వ్రాసి దేవుని గూటిలో పెట్టుకొన్నవారికి ఈ జంకు తప్పదు.

జాతర నాడు కొండ మెట్లెక్కి, మూటను హుండీలో వేసిన తరువాత ఆ ఇల్లాలి చేతిలో ఏమియు ఉండదు. గుడిముందు పిల్లలకు చెరకుముక్కలు కొని ఇచ్చి, చద్దిమూట విప్పి, చెట్టునీడన అందరికి పెడుతుంది. ఇంటికి చేరిన మరునాడు పసుపు కలిపి, ఇంకొక గుడ్డముక్కను ముంచి దండెంమీద ఆరవేస్తుంది.