చుట్టుకొలత: ఫార్ములా కంటే ముందు వేలు నడవాలి



ఈ రోజు హోంవర్క్ అయ్యాక మీ పాపనో, బాబునో ఈ ప్రశ్న అడిగి చూడండి. "మహిళల కబడ్డీ కోర్టు పొడవు 12 మీటర్లు, వెడల్పు 8 మీటర్లు. అంచు వెంట చుట్టూ సున్నంతో గీత గీయాలి. ఆ గీత మొత్తం పొడవెంత?"

కొందరు 96 అంటారు. కొందరు 20 అంటారు. సరైన జవాబు 40 మీటర్లు. 96 అన్నవాళ్లు గుణించి వైశాల్యం కనుక్కున్నారు. 20 అన్నవాళ్లు రెండు భుజాలు కలిపి ఆగిపోయారు. గుణకారం, కూడిక ఇద్దరికీ వచ్చు. ఏం కొలుస్తున్నామో తెలియకే తప్పు వచ్చింది. కాబట్టి "ఫార్ములా మర్చిపోయావా?" అని కోప్పడకండి. కాగితం మీద కోర్టు బొమ్మ గీయించండి. ఒక మూల చుక్క పెట్టి, అక్కడి నుంచి అంచు వెంట వేలు నడపమనండి. 12, 8, 12, 8. వేలు మళ్లీ చుక్క దగ్గరికి చేరితేనే చుట్టుకొలత పూర్తయినట్టు.

ఈ నడక అర్థమైతే సూత్రాలు వాటంతటవే గుర్తుంటాయి.

• త్రిభుజం: మూడు భుజాల మొత్తం.
• చతురస్రం: 4 × భుజం. భుజం 10 సెం.మీ. అయితే 40 సెం.మీ.
• దీర్ఘచతురస్రం: 2 × (పొడవు + వెడల్పు).
• వృత్తం: దీనికి భుజాలు లేవు. అన్నం తినే గుండ్రటి ప్లేటు అంచు చుట్టూ దారం చుట్టి, ఆ దారాన్ని ప్లేటు వ్యాసంతో పోల్చమనండి. మూడు రెట్ల కంటే కాస్త ఎక్కువ వస్తుంది. చిన్న మూతతో చేసినా అంతే. అదే 'పై'. లెక్కల్లో సుమారుగా 22/7 తీసుకుంటాం. వ్యాసం 7 సెం.మీ. అయితే చుట్టుకొలత సుమారు 22 సెం.మీ.

ఆదివారం ఇంట్లో చేయించండి

12 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పుతో ఒక కాగితం కత్తిరించండి. ఒక మూల నుంచి పొడవు వైపు 3, వెడల్పు వైపు 2 సెం.మీ. ఉండే దీర్ఘచతురస్రపు ముక్క తీసేయండి. "ఇప్పుడు చుట్టుకొలత తగ్గిందా?" అని అడగండి. "ముక్క పోయింది కదా, తగ్గింది" అనే జవాబు రావచ్చు. తప్పని చెప్పేయకుండా మళ్లీ వేలు నడిపించండి. 12 + 6 + 3 + 2 + 9 + 8 = 40. చుట్టుకొలత మారలేదు! వైశాల్యం మాత్రం 96 నుంచి 90 చదరపు సెం.మీ.కు తగ్గింది. ఈ రెండూ వేరువేరు కొలతలని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

చివరగా గోడ మీది ఫోటో చూపించి అడగండి: "ఫ్రేము చెక్కకు ఏ కొలత కావాలి? లోపలి అద్దానికి ఏది కావాలి?" చెక్కకు చుట్టుకొలత, అద్దానికి వైశాల్యం అని కారణంతో సహా చెప్పగలిగితే, మీ పిల్లలకు పాఠం వచ్చినట్టే.